వెబ్‌సైటుల రూపమును, దారిని పరీక్షించుట



ఈనాటి నా ప్రసంగవిషయము వెబ్‌సైటుల పరీక్ష. వృత్తినిపుణులు కట్టిన వెబ్‌సైటు బాగున్నదో లేదో నిర్ణయించుట యెట్లు? దాని రూపమును ఏ కన్నుతో చూడవలెను? దానిలోని దారిని ఏ విధముగా కొలువవలెను? ఇది కంప్యూటరు చదువు చదివిన యువకుల పని గదా, పల్లెలలోని పెద్దలతో ముచ్చటించుట యెందులకని మీలో కొందఱికి తోచవచ్చును. పొలము అడంగలు, రైలు టిక్కెట్టు, పింఛను, మనుమని పరీక్షాఫలితము, బ్యాంకులోని నిలువ, ఇవన్నియు నేడు వెబ్‌సైటుల గుండ వచ్చుచున్నవి. నిత్యము మనము దాటవలసిన గడప ఎంత ఎత్తున నున్నదో అడుగు హక్కు మనకును కలదు.

పరీక్షించుట మీకు క్రొత్త విద్య కాదు. సంతలో ఎడ్లజతను బేరమాడువాడు మెడలోని గంటలను, కొమ్ములకు పూసిన రంగును చూచి రూకలు లెక్కపెట్టడు. నోరు తెఱచి పండ్లు చూచును. గిట్టలు తట్టి చూచును. చివరకు కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూచును. నడిపించనిదే జత మంచిచెడ్డలు తెలియవు. నేను నేడు చెప్పబోవు మాటకు సారాంశమిదే. వెబ్‌సైటును చూచి మెచ్చరాదు, నడిపించి మెచ్చవలెను.

వెబ్‌సైటు పుట్టుకను గూర్చి ముందుగా రెండు మాటలు. టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచు, 1989వ సంవత్సరమున ఒక యోచన చేసెను. వేర్వేరు కంప్యూటర్లలోనున్న కాగితములను ఒకదానితో నొకటి లంకె వేసినచో, చదువరి యొక మాటపై నొక్కినంతనే మఱియొక పుటకు పోవచ్చునని ఆయన తలంపు. 1991 నాటికి మొదటి వెబ్‌సైటు లోకమునకు అందుబాటులోనికి వచ్చెను. అందులో బొమ్మలు లేవు, అలంకారములు లేవు. అక్షరములును లంకెలును మాత్రమే యుండెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్ వారు ఈ విద్యను ఎవరైనను రుసుము లేక వాడుకొనవచ్చునని ప్రకటించిరి. ఆ యేడే మొజాయిక్ అను సాధనము వచ్చి, అక్షరముల నడుమ బొమ్మలను చూపుటను వ్యాపింపజేసెను. వెబ్‌సైటులకు రూపము దిద్దుటయే వృత్తిగా గలవారు ఆ పిమ్మట బయలుదేరిరి. ఇందు గమనింపదగినది యొకటి కలదు. దారి ముందు పుట్టినది. అలంకారము తరువాత వచ్చినది.

కాలము గడచినకొలది వెబ్‌సైటు చదివించుకొనుటతో తృప్తిపడక మనతో మాటలాడ నేర్చెను. పేరు వ్రాసినచో బదులు చెప్పును. తేదీ చెప్పినచో టిక్కెట్టు ఇచ్చును. సొమ్ము పుచ్చుకొని రసీదు చేతబెట్టును. ఇట్టివి గ్రంథముల వంటివి కావు, కచ్చేరీల వంటివి; గుమాస్తా ముఖము కనబడని కచ్చేరీలు. కచ్చేరీలో దారి తప్పినవాడు బంట్రోతును అడుగవచ్చును. ఇచ్చట అడుగుటకు ఎవరును లేరు. కావున ఆ బంట్రోతు చేయవలసిన పని యంతయు పుట యొక్క రూపమే చేయవలెను.

రూపమనగా రంగులు, బొమ్మలు మాత్రమే కాదు. అక్షరము ఎంత పెద్దది, పంక్తికిని పంక్తికిని నడుమ ఎంత ఎడమున్నది, ఏది ముందు కంటబడుచున్నది, ఏది ప్రక్కకు తొలగియున్నది, ఇదియంతయు రూపమే. పెండ్లి శుభలేఖను తలచుకొనుడు. ముహూర్తము, స్థలము, వధూవరుల పేర్లు మొదట కంటబడవలెను. అచ్చువేసినవాడు పూలతీగలను పెద్దవి చేసి ముహూర్తమును మూలకు నెట్టినచో, ఆ శుభలేఖ ఎంత అందముగా నున్నను బంధువులు తాళి కట్టిన పిమ్మట వత్తురు.

అక్షరమునకును దాని వెనుకనున్న రంగునకును గల వెలుగు భేదమును కొలుచుటకు ఒక లెక్క కలదు. బెర్నర్స్-లీ 1994లో స్థాపించిన వెబ్ సంఘము వారు 2008లో ప్రకటించిన నియమములలో దీనిని నిర్ణయించిరి. తెల్లని కాగితముపై నల్లని అక్షరమునకు ఈ భేదము 21 పాళ్లు. వారు ఏర్పఱచిన మూడు తరగతులలో నడిమి తరగతికి చేరవలెనన్నను సాధారణాక్షరములకు 4.5 పాళ్లకు తగ్గరాదు. పెద్ద అక్షరములకు 3 పాళ్లు చాలును. అయినను పలువురు నిపుణులు తెల్లని తెరపై లేత బూడిదరంగు అక్షరములు వేయుట నాగరికమని తలచుచున్నారు. ఇరువదియేండ్ల కన్నులకు అది నాగరికమే కావచ్చును; శుక్లములు వచ్చిన కన్నులకు అది మంచులోని బాట.

తెలుగు లిపికి వేఱొక చిక్కు కలదు. ఇంగ్లీషు పంక్తులకు చాలిన ఎడము మన పంక్తులకు చాలదు. మన అక్షరములకు తలపై గుడులును, కాళ్లక్రింద వత్తులును గలవు. 'స్త్రీ' అను నొక్క అక్షరమే ఎంత ఎత్తునకు ప్రాకి ఎంత లోతునకు దిగునో చూడుడు. ఇంగ్లీషు కొఱకు కట్టిన పుటలో తెలుగును తెచ్చి పోసినచో పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులకు తగులుకొనును. చిన్న మీటలపైనుండు పేర్లు సగము తెగిపోవును. తెలుగువారి కొఱకు కట్టితిమని చెప్పుకొను వెబ్‌సైటును పరీక్షించునపుడు ఈ యొక్కటి చూచినను, కట్టినవారు మనలను తలచి కట్టిరో, కడపట జ్ఞాపకము చేసికొనిరో తెలిసిపోవును.

ఇక చేయి. తాకవలసినది పెద్దదిగాను దగ్గఱగాను ఉన్నకొలది చేయి దానిని త్వరగా చేరునని పాల్ ఫిట్స్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు, మనుష్యులచేత కడ్డీతో లోహపు రేకులను తట్టించి, 1954లోనే లెక్కకట్టి చూపెను. నాటికి వెబ్‌సైటులు లేకున్నను నేటి మీటలకు ఆ లెక్కయే వర్తించుచున్నది. నాగలి పట్టి కాయలు గాచిన వ్రేలికి వడ్లగింజంత మీటను చూపి నొక్కుమనుట, 'సరే' అను మీటను, 'రద్దు' అను మీటను ప్రక్కప్రక్కన అతికించుట, ఇవి కంటికి ముచ్చటగా నున్నను చేతికి ద్రోహములు.

రూపమే సర్వస్వమనుకొన్న వారి గతి యేమైనదో ఒక ప్రసిద్ధమైన కథ కలదు. లండను నగరమున 1990 దశకము చివర బూ డాట్ కామ్ అను వస్త్రవ్యాపార సంస్థ వెలసెను. దానిని స్థాపించినవారు స్వీడను దేశీయులు. ఒకేమారు పలు దేశములలో, పలు భాషలలో దుకాణము తెఱువవలెనని వారి యుద్దేశము. కొనువానికి సలహాలు చెప్పుటకు మిస్ బూ అను కదలాడు బొమ్మను నిలిపిరి. వస్త్రమును అన్ని ప్రక్కలకు త్రిప్పి చూచు వీలు కల్పించిరి. నిపుణులు పలువురు పనిచేసిరి; తెర మెఱసిపోయెను. కాని 1999 నవంబరులో దుకాణము తెఱచునాటికి ఐరోపాలోను అమెరికాలోను ఇండ్లలో నున్నవారు పెక్కుమంది టెలిఫోను తీగపై మెల్లగా నడచు సాధనములతోనే వెబ్‌సైటులను చూచుచుండిరి. వారి తెరపై బూ వారి పుట రావలెనన్న ఓపిక కావలెను. వచ్చిన పిమ్మట ఏ కిటికీ యెక్కడ తెఱచుకొనునో, సరకు ఏ మూలనున్నదో తెలియుట కష్టము. 2000 మే నెలలో ఆ సంస్థ మూతపడెను. పదునెనిమిది మాసములలో వ్యయమైన సొమ్ము సుమారు 13 కోట్ల 50 లక్షల డాలర్లు. వెబ్‌సైటు చిక్కులు తప్ప వేఱు తప్పులు లేవని కాదు. దుబారా కూడ విపరీతముగా నుండెను. కాని కొనవచ్చినవాడు కొనలేకపోయిన దుకాణము ఎంత మెఱసినను నిలువదనుటకు అది గొప్ప నిదర్శనము.

ఇపుడు దారిని గూర్చి చెప్పెదను. క్రొత్త ఊరిలో దిగినవాడు మూడు ప్రశ్నలు వేయును. ఇది ఏ ఊరు? నా పని జరుగు వీధి యెటు? తిరిగి పోవుటకు బండి యెక్కడ? వెబ్‌సైటులోని ప్రతి పుటయు ఈ మూడింటికిని అడుగకయే బదులు చెప్పవలెను. స్టీవ్ క్రుగ్ అను అమెరికా నిపుణుడు 2000వ సంవత్సరమున వెలువడిన తన గ్రంథమున దీనికొక పరీక్ష చెప్పెను. ఒకనికి కన్నులకు గంతలు కట్టి, కారు వెనుక పెట్టెలో వేసికొని త్రిప్పి, వెబ్‌సైటు నడిమధ్యనున్న యేదో పుటలో దింపివేసితిమనుకొందము. గంతలు విప్పినంతనే, ఇది ఎవరి వెబ్‌సైటు, ఇది ఏ పుట, ఇచ్చటినుండి ఎచ్చటెచ్చటికి పోవచ్చును అను సంగతులు అతడు తడుముకొనక చెప్పగలుగవలెను. ముఖపుట నొక్కదానిని అద్దమువలె తుడిచి, లోపలి పుటలను చీకటికొట్లుగా వదలిన వెబ్‌సైటులు ఈ పరీక్షలో పట్టుబడును.

జాకబ్ నీల్సన్ అను డెన్మార్కు దేశీయుడు 1994లో ఇట్టి పరీక్షలకు పది సూత్రములు ప్రకటించెను. వానిలో నాలుగింటిని మాత్రము ప్రస్తావించెదను. తాను ఏమి చేయుచున్నదో వెబ్‌సైటు ఎప్పటికప్పుడు చెప్పుచుండవలెను. మీట నొక్కిన పిమ్మట మాటాపలుకూ లేక నిలిచిపోయినచో, మనుష్యుడు మఱల నొక్కి సొమ్ము రెండుమారులు పోయెనేమో యని భయపడును. రెండవది, వచ్చినవాని మాటలలో మాటలాడవలెను. మూడవది, పొరపాటున లోనికి వచ్చినవాడు తిరిగి పోవుటకు దారి స్పష్టముగా నుండవలెను. నాలుగవది, తప్పు జరిగినపుడు ఏమి తప్పినదో, ఎట్లు దిద్దుకొనవలెనో తేట మాటలలో చెప్పవలెను.

వీనిలో రెండవదియే మన దేశమున మిక్కిలి ఉల్లంఘింపబడుచున్నది. కార్యాలయము తన గదుల పేర్లతో దారి వేయును. వచ్చినవాడు తన పని పేరుతో వెదకును. 'సేవలు', 'సమాచారము', 'ఇతరములు' అని మూడు తలుపులున్నవి. తండ్రి చనిపోగా పొలము తన పేరిట వ్రాయించుకొన వచ్చిన కుమారుడు ఏ తలుపు తట్టవలెను? మూడు నొక్కులలో పని ముగియవలెనని నిపుణులలో ఒక నమ్మకము చిరకాలము ప్రచారములో నుండెను. 2003లో అమెరికాలో జరిగిన యొక పరిశీలనలో నొక్కుల సంఖ్యకును జనుల విసుగునకును సంబంధము కానరాలేదు. దారి సరియైనదను ధైర్యమున్నపుడు పది యడుగులైనను భారము కావు. సందేహముతో వేసినది ఒక్క యడుగైనను భారమే.

ఇంతవఱకు ఇతరుల తప్పులు చెప్పితిని. నా తప్పు కూడ చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట ఒక కార్యాలయము వారు తమ క్రొత్త వెబ్‌సైటును పరీక్షించి అభిప్రాయము వ్రాయుమని నన్ను కోరిరి. చల్లని గదిలో పెద్ద తెర యెదుట కూర్చుంటిని. కట్టిన నిపుణుడు ప్రక్కన నిలిచి తానే మీటలు నొక్కుచు పుటలను త్రిప్పి చూపెను. రంగులు పొందికగా నున్నవి. బొమ్మలు ఒకదాని వెంట నొకటి జారిపోవుచున్నవి. నూటికి 80 మార్కులు వేసి, ప్రశంసావాక్యములు వ్రాసి, సంతకము చేసి వచ్చితిని.

ఆ పండుగకు ఊరికి పోయినపుడు మా పెద్దమ్మ, ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించిన విద్యావతి, అదే వెబ్‌సైటులో ఒక ధ్రువపత్రము కొఱకు దరఖాస్తు పెట్టుకొనుచుండెను. నేను ప్రక్కన ఊరక కూర్చుంటిని. ముఖపుటలోని బొమ్మ క్రింది వాక్యమును ఆమె చదివి ముగించులోపలనే బొమ్మ జారిపోయెను. దారి చూపవలసిన పట్టిక మూలనున్న మూడు అడ్డగీతల వెనుక దాగియుండెను. "ఈ మూడు గీతలేమిటి అబ్బాయీ, ముగ్గు మొదలుపెట్టి వదిలేశారా?" అని నవ్వెను. పుట్టినతేదీ యడుగుచోట ఆ నెల క్యాలెండరు తెఱచుకొనెను. వెనుకకు పోవు మీటకు ఒక్కొక్క నొక్కునకు ఒక్కొక్క నెల. ఆమెకు డెబ్బది యేండ్లు. అనగా 840 నొక్కులు. సంవత్సరముపై నొక్కినచో ఒక్కసారిగా పోవచ్చునని నాకు తెలియును గాని, అట్లని తెలుపు గుర్తు ఆ పుటలో ఎక్కడను లేదు. ఎట్లో ఆ గండము గడచినది. బీరువాలోని పాసుపుస్తకము తెచ్చుకొని సంఖ్య వ్రాయబోవునంతలో తెరపై ఇంగ్లీషులో ఒక వాక్యము వచ్చెను, గడువు తీరినదని. వ్రాసినదంతయు తుడిచిపెట్టుకొని పోయెను.

పెద్దమ్మ ఫోనును ఒడిలో పెట్టుకొని కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "నాకే చేతకాలేదురా. ముసలిదాన్నైపోయాను," అనెను. ముప్పదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆమె. ఆ మాట నాకు ములుకువలె గుచ్చుకొన్నది. తప్పు పుటది, సిగ్గు ఆమెది. ఆ పుటకు నూటికి 80 వేసినవాడను నేను. మఱునాడు ఆమె బజారులోని దుకాణమునకు పోయి, వందరూపాయలతోపాటు తన ఫోనును, రహస్యసంఖ్యను ఆ కుఱ్ఱవాని చేతికిచ్చి పని చేయించుకొని వచ్చెను. వాడు మంచివాడు గనుక నష్టము జరుగలేదు. కాని దారి సరిగా లేని వెబ్‌సైటు మన రహస్యములను పరుల చేతిలో పెట్టించునని నేను ఆనాడు కన్నులార చూచితిని.

అందమును చూచి సులభమని భ్రమపడుట నాకొక్కనికే కలిగిన దోషము కాదు. జపానులో హిటాచీ సంస్థకు చెందిన కురోసు, కషిమురా అను నిరువురు 1995లో బ్యాంకు ఏటీఎమ్ తెరకు 26 రకముల రూపములు దిద్ది, 252 మందికి చూపి, ఏది అందముగా నున్నది, ఏది సులభముగా నున్నది అని యడిగిరి. అందముగా నున్నదానినే జనులు సులభమైనదని కూడ చెప్పిరి; నిజమైన సౌలభ్యముతో ఆ తలంపునకు అంత సంబంధము లేకపోయెను. కన్ను ముందు తీర్పు చెప్పును. చేయి తరువాత కష్టపడును. నేను కార్యాలయము వారికి రెండవ లేఖ వ్రాసి, మొదటి అభిప్రాయమును ఉపసంహరించుకొని, 35 మార్కులు వేసితిని. కొన్ని మాసములకు గడువును పొడిగించిరి, పుట్టినతేదీ చోటును దిద్దిరి. మూడు గీతలు మాత్రము అట్లే యున్నవి.

కావున పరీక్షించు విధము ఇది. "ఈ వెబ్‌సైటు ఎట్లున్నది?" అని యెవరిని అడుగకుడు, మర్యాదకు బాగున్నదందురు. ఒక పని అప్పగింపుడు. "ఈ పొలము అడంగలు తీసి చూపుము" అనుడు. కట్టినవారినిగాక వాడుకొనువారిని కూర్చుండబెట్టుడు. పెద్ద తెరపైగాక వారి ఫోనులోనే చేయింపుడు. ప్రక్కన కూర్చుండి నోరు మెదపక చూడుడు. వ్రేలు ఎచ్చట ఆగెనో, ఎచ్చట వెనుకకు మళ్లెనో, ఎచ్చట నిట్టూర్చిరో వ్రాసికొనుడు. ఐదుగురితో ఇట్లు చేయించినచో దోషములలో నూటికి 85 పాళ్లు బయటపడునని నీల్సన్ 2000లో వ్రాసెను. ఆ లెక్కను ఒప్పుకొననివారును గలరు. అయినను ఒక్కరితోనైనను చేయింపనిదానికంటె ఐదుగురితో చేయించుట ఎంతయో మేలు.

రూపము తెలియక చేసిన తప్పులు కొన్ని. తెలిసి చేయు మోసములు మఱికొన్ని. 'కావలెను' అను మీటను పెద్దదిగా వెలిగించి, 'వద్దు' అను మాటను కనబడని రంగులో మూలనుంచుట, అడుగని సరకును బుట్టలో చేర్చుట, ఇంక రెండే మిగిలినవని అబద్ధపు తొందర పెట్టుట, ఇట్టివానికి హ్యారీ బ్రిగ్నల్ అను ఆంగ్లేయుడు 2010లో డార్క్ ప్యాటర్నులని పేరు పెట్టెను. మన దేశమున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వారు 2023 నవంబరు 30వ తేదీన ఇట్టివి 13 రకములను పేర్కొని నిషేధించిరి.

మఱియొక సంగతి. బ్యాంకు మొదలగు పనులకై తెర యెదుట కన్ను ఆర్పి చూపుమను పద్ధతి వలన ఆమ్లదాడికి గురియైనవారును, అంధులును పడుచున్న బాధను విచారించి, 2025 ఏప్రిల్ 30వ తేదీన భారత సుప్రీంకోర్టు వారు, ఇట్టి సేవలను అందుకొనగలుగుట జీవించు హక్కులో భాగమే యని తీర్పు చెప్పిరి. కావున పుట అర్థము కానపుడు సిగ్గుపడకుడు. చేతగానిది మీకు కాదు. ఎచ్చట ఆగితిరో, ఏ మాట తెలియలేదో, ఏ అక్షరము కనబడలేదో ఒక కాగితముపై వ్రాసి ఆ కార్యాలయము వారికి పంపుడు. బావి గట్టు ఎత్తైనపుడు బిందె తెచ్చినవారిని తప్పుపట్టము గదా, మేస్త్రీని పిలిపింతుము.